చిలకమ్మ రాసిన ఎండ

అరకు వెళ్లొచ్చానని తెలిస్తే మా వీధిలో అడిగేవి రెండే ప్రశ్నలు. కాఫీ పొడి తెచ్చావా, ఫొటోలు తీశావా అని. పొడి తేలేదు, ఫొటోలు తీయలేదు. బొర్రా గుహల వైపు తొంగి కూడా చూడలేదు. ఆ నాలుగు రోజుల్లో నేను చూసిందంతా నా నిర్వాకమే. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతున్నాను. ఒక మనిషి మీద నలుగురిలో నింద వేసి, దాన్ని ఫైలులో గుట్టుగా చెరిపేసుకుంటే సరిపోదని ఇప్పటికి తెలిసింది.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి రెండు మూడేళ్లయింది. పొలాలకీ నర్సరీలకీ పడే ఎండని కొలిచే ఆఫీసులో నా ఉద్యోగం. ఎండని కొలవడమేమిటని పెళ్లయిన కొత్తలో మా ఆవిడ పడీపడీ నవ్వింది. కొలిచే పరికరం అరచేతిలో పట్టేంత గాజు బుడగ. లోపల నల్లటి బిళ్ల ఉంటుంది. ఎండ పడితే ఆ బిళ్ల వేడెక్కి చిటికెడు కరెంటు పుడుతుంది. తీగ చివరి పెట్టె ఆ కరెంటుని అంకెగా మార్చి చూపిస్తుంది. చిక్కేమిటంటే ఏ రెండు బిళ్లలూ ఒకే ఎండకి ఒకేలా పలకవు. అందుకని ఒక్కో బుడగకీ ఒక సంఖ్య ఇస్తారు, పెట్టెలో ఆ సంఖ్య తిప్పి పెట్టాలి. పెద్ద కుంచం ఉన్నవాడు చిన్న కుంచం లెక్కన వడ్లు కొలిస్తే ఎలా ఉంటుందో, సంఖ్య తప్పితే ఇదీ అంతే.

అలాంటి బుడగలు మూడున్నాయి మాకు. ఒకటి ఆఫీసు మేడ మీద, ఒకటి పాచిపెంటలో, ఒకటి అరకు దాటాక ఒక కొండ ఊళ్లో, మిరియం నర్సరీ పక్కన. ఆ నర్సరీ పందిరి మీద నీడ వల ఎన్ని పొరలు కప్పాలో ఆ అంకెల్ని బట్టే చెబుతాం. మూడేళ్లకోసారి, సరిగ్గా పలుకుతుందని తేల్చి దాచిన మంచి పరికరాన్ని వీటి పక్కనే అమర్చి సరిచూడాలి. డిసెంబరులో నేను బయల్దేరింది ఆ పని మీదే.

సాలూరు బస్సు

మంచి పరికరాన్ని దూదిలో చుట్టి చెక్కపెట్టెలో పెట్టి, పెట్టెని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్కన తమలపాకుల బుట్టతో ఒక ముసలమ్మ. విజయనగరం దాటేదాకా ఓపిక పట్టి, ఇక పట్టలేకపోయింది.

“గుడ్లా బాబూ? అంత బద్దరంగా ఎట్టుకున్నావు.”

“కాదమ్మా. ఎండని కొలిచే మిషను.”

“కొలిసి ఏటి సేత్తారు?”

పంటలకీ వానలకీ ఎలా పనికొస్తుందో చెప్పాను. ఆవిడ ఆకులు తడి చేసుకుంటూ అంతా విని, “మరి మీ మిషను సరిగ్గా సెప్తందో నేదో ఎవలు సూత్తారు?” అంది.

“నేనే చూస్తాను” అన్నాను, మీసం మెలేసినంత గొప్పగా. దిగేటప్పుడు ఆవిడ నాలుగు ఆకులు చేతిలో పెట్టింది, డబ్బులిస్తే తీసుకోలేదు.

పాచిపెంట

ఇక్కడ అంకెలు రాసేది సత్యం మేష్టారు. బడి నుంచి రిటైరయ్యాక ఈ పని ఒప్పుకున్నారు. రోజూ సాయంత్రం ఆరింటికి పెట్టెలో ఆ రోజు మొత్తం చూసి పుస్తకంలో ఎక్కించడం, వారానికోసారి కార్డు మీద రాసి పోస్టు చేయడం. ఆయన అంకెలు ఎప్పుడూ నిండుగా ఉంటాయి. గాజు బాగా తుడుస్తున్నారని మెచ్చుకుని కిందటేడు నేనే ప్రశంసాపత్రం ఇప్పించాను. దాన్ని అద్దం కట్టించి వీధి గుమ్మం మీద పెట్టుకున్నారు.

మేష్టారి భార్య గుమ్మడికాయ పులుసు చేశారు, దండిగా బెల్లం పోసి. మా ఇంట్లో పులుసులో బెల్లం పడితే నేను కంచం ముందునుంచి లేచిపోతాను. అక్కడ రెండోసారి అడిగి వేయించుకున్నాను. భోజనానికి ముందే పరికరాన్ని పెరట్లో ఆయన బుడగ పక్కన అమర్చి వచ్చాను. చేతులు కడుక్కుని వెళ్లి చూస్తే, నాది నాలుగు చూపిస్తున్నచోట ఆయనది అయిదు చూపిస్తోంది.

గాజు మీద దుమ్ము లేదు. బుడగ ఏ పక్కకీ ఒరగలేదు. తీగ సరిగానే ఉంది. చివరికి బుడగని పైకెత్తి అడుగున అంటించిన చీటీ నంబరు చూశాను. నా నోటుబుక్కులో ఆ నంబరు ఎదురుగా పాచిపెంట అని లేదు, కొండ ఊరి పేరు ఉంది.

మూడేళ్ల కిందట ఒకే రోజు, ఒకే బల్ల మీద, టీ తాగుతూ, ఎవరితోనో క్రికెట్ మాట్లాడుతూ రెండు పెట్టెలకీ సంఖ్యలు తిప్పింది నేనే. బుడగలు తారుమారైపోయాయి. ఇక్కడ నాలుగుకి అయిదు చూపిస్తోందంటే కొండ మీద అయిదుకి నాలుగు చూపిస్తూ ఉండాలి.

చూపించింది కూడా. అక్కడ అంకెలు రాసిన మనిషి పేరు చిలకమ్మ. ఏడో తరగతి దాకా చదివింది, ఆ ఊళ్లో రాయడం వచ్చిన ఆడమనిషి ఆవిడొక్కతే. మంచు నెలలు వదిలేసి లెక్కేసినా, ఆఫీసు మేడ మీద అయిదు వచ్చేచోట ఆవిడ కార్డుల్లో నాలుగే ఉండేది. పెట్టె దగ్గరికి వెళ్లకుండా ఇంట్లో కూర్చుని అంకెలు అల్లుతోందని తీర్మానించాను. రెండేళ్ల కిందట వెళ్లి ఊరందరి ముందూ నిలబెట్టి అడిగాను. ఆవిడ ఒక్కటే చెప్పింది. “మొక్కలు మాడిపోతన్నాయి బాబూ. ఎండ శానా ఉంది, మీ మిషనే తక్కువ సెప్తంది.”

దానికి నేనన్న మాట ఇప్పుడు రాయాలంటే చెయ్యి రావడం లేదు. “ఏం, సూర్యుడు మీ ఊరికి మాత్రం తక్కువ పొడుస్తాడా?” అన్నాను. ఎవరో నవ్వారు. నేనూ నవ్వాను. బుడగని ఎత్తి అడుగున చీటీ చూసి ఉంటే అరనిమిషంలో తేలిపోయేది. వారం తిరక్కుండా, ఆఫీసులో అయిదు వచ్చేచోట నాలుగే రాసిందని కాగితం రాసి, ఒక నకలు ఆ ఊరికీ పంపి, ఆవిడ్ని పనిలోంచి తీసేయించాను.

సత్యం మేష్టారు విసనకర్ర పట్టుకుని నా వెనకే నిలబడ్డారు. “అంతా బాగుందాండీ?” అని అడిగారు.

“బాగుందండీ” అన్నాను. పెట్టె మూత తీసి గుట్టుచప్పుడు కాకుండా సంఖ్య మార్చేశాను. ఆయన ప్రశంసాపత్రం కిందనుంచే తల వంచుకుని బయటికొచ్చాను. ఆ పెద్దాయన కూడా కనిపించిందే రాశారు పాపం, అబద్ధమాడింది నేనొక్కణ్నే.

ఒరిస్సా మీదుగా

సాలూరు దగ్గర ఘాటీ ఎక్కి, ఒరిస్సాలో కొంతదూరం పోయి మళ్లీ మన వైపు దిగితే అరకు వస్తుంది. జీపులో పన్నెండుమంది, రెండు కోళ్లు, ఒక కుట్టుమిషను. దారి పొడుగునా వలిసె పూలు పచ్చగా విరగబూసి ఉన్నాయి. చూసి ఆనందించే స్థితిలో నేను లేను. మనసులో ఒకటే లెక్క. కొండ ఊళ్లోనూ మూత తీసి సంఖ్య మార్చేస్తే రెండు నిమిషాల పని. ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు. అలా అనుకోగానే ప్రాణం తేలికపడింది కూడా. అందుకు ఇప్పటికీ నా మీద నాకు అసహ్యమే.

నా ఎదురుగా కూర్చున్నతను అరకు అవతలి పల్లె రైతు. కుట్టుమిషను అతనిదే, కూతురికోసం కొన్నాడట. మాటల్లో వాళ్ల ఊరి గొడవ ఒకటి చెప్పాడు. ఒకడు పక్కింటివాడి మీద కోడి దొంగతనం మోపాడు. తర్వాత కోడి తుప్పల్లో పిల్లల్తో సహా కనబడింది.

“మరేం చేశారు?” అన్నాను.

“తప్పు కట్టినాడు. మేక, బియ్యం. ఊరి మద్దెన నిలబడి నాను లేనిది మోపినానని సెప్పినాడు. అందరం తిన్నాం. ఇంక ఆ మాట ఎవలూ ఎత్తకూడదు.”

మా ఆఫీసులో అయితే మెమో, మెమోకి జవాబు, జవాబు మీద విచారణ, అంతా అయ్యేసరికి కోడి ముసలిదై చచ్చేది. వాళ్ల పద్ధతి విన్నాక నాకు కొంచెం ఆశ పుట్టింది. మేక కొనిచ్చి తేల్చుకోవచ్చన్నమాట అనుకున్నాను.

అరకు సంత

మర్నాడు శుక్రవారం, సంత రోజు. కొండచీపుర్లు కట్ట అయిదు రూపాయలు, రెండు చేతులా పట్టనంత గుమ్మడికాయ ఎనిమిది. రాజ్మా పిక్కలు సోలతో కొలుస్తున్నారు, కొలిచాక ఒక గుప్పెడు పైన వేస్తున్నారు. మా రైతుబజారులో తక్కెడ కిందకి చెయ్యి పోనివ్వకుండా కాపలా కాయడమే అలవాటైన నాకు ఆ గుప్పెడు వింతగా అనిపించింది. తేనె కొందామని బేరం ఆడబోయి మానేశాను. ఆ రోజు ఎవరి మాటనీ అనుమానించే ముఖం నాకు లేదు.

టీ బడ్డీ బల్ల మీద ఫైలు తెరిచాను. చిలకమ్మ కార్డులన్నీ అందులోనే ఉన్నాయి. ఒక్కొక్క అంకెనీ సరైన సంఖ్యతో మళ్లీ లెక్కకట్టి, అదే రోజు ఆఫీసు మేడ మీది అంకె పక్కన వేసుకుంటూ పోయాను. ముసురు రోజుల్లో అవీ ఇవీ కలిసి పడిపోయాయి, తెరిపిచ్చిన రోజుల్లో కలిసి లేచాయి. ఇంట్లో కూర్చుని అల్లితే అలా రాదు. మధ్యమధ్య కొన్ని రోజులు ఖాళీగా ఉన్నాయి. వాటి ఎదురుగా గుండ్రటి అక్షరాలతో, ‘జొరము వచ్చినది, చూడలేదు, రాయలేదు’ అని ఉంది. ఆ మాటలు అప్పుడూ నా కళ్లముందే ఉన్నాయి, నేనే చదవలేదు.

రెండో టీ చల్లారిపోయింది. బడ్డీ ఆయన అడగకుండానే పారబోసి వేడిది పోశాడు.

గట్టు మీద జారి

శనివారం పొద్దున్నే బయల్దేరాను. ఊరికి జీపు దిగాక మూడు మైళ్లు నడక. మెట్లపొలాల గట్టు మీద పట్నం బూట్లు పనికిరావని తెలిసి కూడా వేసుకొచ్చాను. పరికరం పెట్టెని గుండెకి హత్తుకుని నడుముదాకా బురదలో కూలబడ్డాను. పెట్టెకేం కాలేదు. ఫైలు తడిసింది, ప్యాంటు సంగతి చెప్పక్కర్లేదు. కోత కోస్తున్న ఆడవాళ్లు నవ్వు ఆపుకుంటూ లేవదీశారు.

ఇప్పుడు అక్కడ అంకెలు రాసే బొంజుబాబు ఎదురొచ్చి ఇంటికి తీసుకెళ్లాడు. కాళ్లకి నీళ్లిచ్చాడు, తన గళ్ల లుంగీ ఇచ్చాడు, అడ్డాకు డొప్పలో అంబలి పోశాడు. పుల్లగా, చల్లగా కడుపులోకి దిగింది. తర్వాత నర్సరీ దగ్గరికి వెళ్లి పరికరాలు రెండూ పక్కపక్కన పెట్టాం. అనుకున్నట్టే నాది అయిదు, అతనిది నాలుగు.

కానీ అతని పుస్తకంలో అంకెలు నిండుగా ఉన్నాయి. రెండేళ్లుగా ఆఫీసుకి వస్తున్నవీ అవే. ‘కొత్త పరిశీలకుడు వచ్చాక అంకెలు చక్కబడినవి’ అని నేను ఫైలులో రాశాను కూడా.

“పెట్టె నాలుగు చూపిస్తుంటే నువ్వు అయిదు ఎలా రాస్తున్నావు?” అన్నాను.

బొంజుబాబు కిందికి చూశాడు. “మీ కాయితంలోనే ఉంది గదా బాబూ, ఆపీసులో అయిదు వత్తే ఇక్కడ నాలుగే వత్తందని. అందుకే నాలుక్కి ఒకటి కలిపి రాత్తన్నాను. ముందామె సూసిందే రాసి పని పోగొట్టుకుంది. నాకు పిల్లలున్నారు.”

చూసింది రాసిన మనిషిని దొంగ అన్నాను. కలిపి రాసినవాణ్ని మెచ్చుకున్నాను. అతణ్ని కోప్పడే హక్కు నాకెక్కడిది? చీటీ చూసి పెట్టెలో సంఖ్య సరిచేశాను. అంకె అయిదుకి లేచింది. ఇక ఏమీ కలపొద్దని చెప్పాను.

“మరి ఇంక ఏది రాయాల?”

“చూసింది రాయి.”

“ఆమె అదే గదా రాసింది” అన్నాడు, అమాయకంగానే.

చిలకమ్మ ఎలా ఉందని అడిగాను. పొలం పనికి పోతోందట. ఇదివరకు ఊరందరి అర్జీలూ ఆవిడే రాసేది. అంకెలు అల్లిందన్న మాట పడ్డాక ఎవరూ ఆవిడ చేతికి కాగితం ఇవ్వడం లేదు. పింఛను అర్జీలకి ముసలివాళ్లు కూడా జీపు దారి దాకా నడిచి అరకు పోతున్నారు. ఆ మూడు మైళ్లూ నేను పొద్దున్నే నడిచాను కాబట్టి ఆ మాట సూటిగా తగిలింది. మూత బిగించి జీపెక్కేద్దామన్న ఆలోచన అప్పుడు పోయింది.

ఊరి మధ్య

పొద్దు వాలే వేళకి జనం పనుల నుంచి వచ్చారు. ఊరిపెద్దని అక్కడ నాయుడంటారు. మాట్లాడాలంటే ఆయనే అందర్నీ పిలిపించాడు. రెండేళ్ల కిందట ఇస్త్రీ బట్టల్లో నిలబడ్డచోటే ఇప్పుడు బొంజుబాబు లుంగీలో నిలబడ్డాను. చిలకమ్మ చోళ్లు, అంటే రాగులు, నూర్చే కళ్లం నుంచి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా చేతులు కట్టుకుని నిలబడింది. మనిషి చిక్కిపోయింది.

రెండు కుంచాలు తెప్పించి, ఒకదాని లెక్క ఇంకోదానికి వేస్తే ఏమవుతుందో చూపించాను. ఆ పని చేసింది నేనేనని చెప్పాను.

ఒక ముసలామె అడిగింది. “అంటే సిలకమ్మ రాసింది నిజమేనా?”

“ప్రతిరోజూ నిజమేనమ్మా. అబద్ధం మోపింది నేను.” చిలకమ్మ వైపు తిరిగి, “నిన్ను అనరాని మాట అన్నానమ్మా. సిగ్గుపడుతున్నాను” అన్నాను.

ఇక నాయుడితో, మీ పద్ధతి ప్రకారం తప్పు కడతాను, మేకో బియ్యమో చెప్పండి అన్నాను. అది చెప్పేటప్పుడు నాలో కొంచెం సంబరం కూడా ఉందని ఒప్పుకోవాలి. నాయుడు తల అడ్డంగా ఊపాడు.

“తప్పు మాలో మాకు బాబూ. కట్టినోడు మాతోనే కూకుని తినాల, రేపూ ఎల్లుండీ మా మద్దెనే తిరగాల. మీరు జీపెక్కి ఎల్లిపోతారు. మీకాడ తప్పు తీసుకుని మేం ఏటి సేసుకుంటాం?”

ఆయన మర్యాదగానే అన్నాడు. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అప్పుడు చిలకమ్మ మొదటిసారి నోరు విప్పింది. “అప్పుడు నా మీద కాయితం రాసినారు గదా. ఇప్పుడూ కాయితమే రాయండి. ఇక్కడే రాయండి.”

తడవని కాగితం ఒకటి వెతికి, పరికరం పెట్టె మీద పెట్టుకుని మా పై అధికారికి రాశాను. ఆవిడని తిరిగి పనిలోకి తీసుకోవాలనీ రాశాను. సంతకం పెట్టబోతుంటే ఆవిడ చెయ్యి చాపింది. కాగితం తీసుకుని అందరికీ వినబడేలా కూడబలుక్కుంటూ చదివింది.

“పరికరంలో ఏర్పడిన సాంకేతిక లోపం కారణంగా అంకెలు తక్కువగా నమోదైనట్టు గుర్తించడమైనది.” అక్కడ ఆగింది. “లోపం ఏర్పడిందన్నారు. దానంతటదే ఏర్పడిపోయిందా బాబూ?”

“లేదు.”

“మరి ఎవలు సేసినారో ఇందులో నేదే.”

ఇరవై ఏళ్లుగా అలాగే రాయడం అలవాటు. ఆ వాక్యం రాసేటప్పుడు నాకు తప్పించుకుంటున్నానని కూడా తోచలేదు. కాగితం వెనక్కి తీసుకుని దాన్ని కొట్టేశాను. కింద రాశాను: ‘రెండు పెట్టెల సంఖ్యలు నేను తారుమారు చేశాను. పాచిపెంటలో సత్యంగారు, ఇక్కడ చిలకమ్మ చూసిందే రాశారు. నేను చూడకుండా రాశాను.’

చిలకమ్మ అది రెండుసార్లు చదివింది. ఒకసారి పైకి, ఒకసారి తనలో.

“ఇప్పుడు పెట్టండి సంతకం” అంది.

పెట్టాను. కాగితం మడిచి ఫైలులో పెట్టుకోవడానికి చెయ్యి చాపాను. ఆవిడ ఇవ్వలేదు. నాలుగు మడతలు పెట్టి రొంటిన దోపుకుంది.

“మీరు ఎల్లండి బాబూ. పోస్టు నాను ఏత్తాను.”